గడ్డికి గిట్టుబాటు

(ఆచార్య ఎన్.జి. రంగా స్మృతికి నివాళిగా సిద్ధం చేసిన ఉపన్యాస పాఠం)

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ రైసు మిల్లు వెనక్కి వెళ్లి చూసినా ఊక గుట్ట కనిపిస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి మిల్లు యజమాని అగ్గిపుల్ల గీయడు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే బాయిలర్ కింద మండేది ఆ ఊకే. మిగిలింది ఇటుక బట్టీలకూ, ఇతర ఫ్యాక్టరీలకూ లారీల్లో పోతుంది. కాలాక మిగిలే బూడిదలో నూటికి 85 నుంచి 90 పాళ్లు సిలికా, కాబట్టి ఆ బూడిదకూ గిరాకీ ఉంది. తవుడు నూనె మిల్లుకు చేరుతుంది. వడ్ల గింజలో పారేసేదంటూ ఏమీ లేదు. అక్కడి నుంచి సాగర్ ఆయకట్టులోకి వెళితే, అలాంటి వడ్లే పండిన మళ్లలో యాసంగి కోతలయ్యాక సాయంత్రాలు పొగ లేస్తుంటుంది. గింజను మోసిన గడ్డి తగలబడుతోంది.

ఒకే దుబ్బుకు పుట్టిన రెండింటిలో ఒకటి సరుకెలా అయింది, ఇంకొకటి చెత్తెలా అయింది? ఆచార్య రంగా గారిని తలుచుకునే చోట ఈ ప్రశ్న వేసుకోవడానికి కారణం ఉంది. 1900లో నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పిన రంగా గారు సొంత ఊళ్లో రైతుల కోసమే ఒక విద్యాలయం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. రైతు ఒక పని ఎందుకు చేస్తున్నాడో తెలియాలంటే ముందు అతని ఖర్చు లెక్క చూడాలన్న పట్టుదల ఆయన ప్రజాజీవితం పొడవునా కనిపిస్తుంది. గడ్డి తగలబెట్టే రైతు మీద ఇవాళ పత్రికల్లో, టీవీల్లో తీర్పులకు కొదవలేదు. ఆ తీర్పులు చెప్పేవాళ్లలో, ఎకరం గడ్డి ఎత్తి గట్టు మీదికి చేర్చడానికి ఎంతవుతుందని అడిగినవాళ్లు తక్కువ.

ఊక సంగతి వేరు. వడ్లు మిల్లుకు వచ్చేటప్పుడే ఊక వాటితో పాటు వస్తుంది. ధాన్యం బరువులో అది దాదాపు అయిదో వంతు. దాని కిరాయి వడ్ల ఖాతాలోనే పడుతుంది, మర పట్టగానే ఒక్కచోట పోగవుతుంది. గడ్డి అలా కాదు. ఎకరమంతా పలచగా పరుచుకుని ఉంటుంది. విడిగా ఉన్న గడ్డి ఘనపు మీటరుకు యాభై కిలోలు తూగడం కూడా కష్టమే; లారీ నిండుతుంది గాని తూకం రాదు. నొక్కి కట్టలు కడితే అదే చోటులో రెండు మూడు రెట్లు పడుతుంది. అలా కట్టడానికి ఒక మిషను, ట్రాక్టరు, డీజిలు, మనుషులు కావాలి. పంట వ్యర్థాలతో ఏం చేయొచ్చన్న ప్రశ్నకు ఎన్నో జవాబులు ఉన్నా పొలంలో మంట ఆగకపోవడానికి కారణం ఇదే. ఉపయోగాలు లేక కాదు. పొలం నుంచి ఆ ఉపయోగం దాకా గడ్డిని చేర్చే ఏర్పాటు లేక.

ఒకప్పుడు ఆ ఏర్పాటు ఊళ్లోనే ఉండేది. కొడవలితో మొదలంటా కోసిన వరిని పనలు వేసి, ఎండాక కట్టలు కట్టి, కుప్ప పెట్టి, తీరిగ్గా నూర్చేవారు. గడ్డి పొడుగ్గా, నలగకుండా, బురద అంటకుండా వచ్చేది. వామి వేసుకుంటే ఎద్దులకూ గేదెలకూ ఏడాది మేత. ఇంటి కప్పు మీదికీ అదే. గడ్డితో తాళ్లు పేని, పురి కట్టి, వడ్లు నిలవ చేసుకునేవారు. గడ్డి ఎత్తే ఖర్చు అప్పుడు విడిగా లేదు, కోత కూలీలోనే కలిసి ఉండేది.

హార్వెస్టర్ ఆ లెక్క మార్చింది. కూలీలు దొరకని రోజుల్లో, వాన ముంచుకొచ్చే రోజుల్లో గంటా రెండు గంటల్లో ఎకరం కోసి వడ్లు చేతికిచ్చే మిషనును రైతు వద్దనలేడు. వద్దనమని అడగడం న్యాయమూ కాదు. కాని ఆ మిషను పనితీరును దగ్గరగా చూడాలి. అడుగు ఎత్తున కోస్తుంది, కింద కొయ్యకాళ్లు బిరుసుగా నిలబడి ఉంటాయి. గింజ రాల్చుకున్న గడ్డి వెనక నుంచి నలిగి, ముక్కలై, ఒక వరసలో పడుతుంది. నేల తడిగా ఉంటే చైన్ మిషను ఆ గడ్డిని బురదలో తొక్కుతుంది. మిషను కోసిన గడ్డిని పశువులు సరిగా ముట్టవన్నది పల్లెల్లో అందరూ చెప్పే మాట. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులూ తగ్గాయి, అంటే తినే నోళ్లే తగ్గాయి. వరసగా పడిన గడ్డి రోటవేటరుకు చుట్టుకుంటుంది, దమ్ముకూ నాటుకూ అడ్డం వస్తుంది. ఆ పూట రైతు చేతిలో ఉన్న పనిముట్లలో అన్నిటికన్నా చవకైంది అగ్గిపెట్టె.

రంగా గారి నిడుబ్రోలు ఉన్న డెల్టాలో ఇదే మార్పు ఇంకో రకంగా వచ్చింది. అక్కడ సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే మినుము, పెసర చల్లుతారు. నేలలో మిగిలిన పదునుకు గింజ మొలుస్తుంది. పైన పనలు ఆరుతుంటే కింద మినుము లేస్తుంది. దున్నే పని లేదు, నీరు పెట్టే పని లేదు. నిప్పు పెట్టాలన్న ఆలోచనే రాదు, పెడితే మొలక పోతుంది కదా. దున్నని సేద్యం గురించి ప్రపంచమంతా ఇప్పుడు మాట్లాడుతోంది. కృష్ణా డెల్టా రైతు దాన్ని తరాలుగా చేస్తూ వచ్చాడు. తర్వాత పల్లాకు తెగులు, బంగారు తీగ మినుమును దెబ్బతీశాయి. చాలామంది వరి కొయ్యల మధ్యే గుంటలు చేసి మొక్కజొన్న గింజ పెట్టడం మొదలెట్టారు. అదీ దున్నకుండానే. అయితే చైన్ మిషను మినుము మొలకల మీదుగా వెళితే చేలో మిగిలేదేమీ ఉండదు. చేతికోతకు మనుషులు దొరికినంత కాలం ఆ పంటల వరస చక్కగా సాగింది. దొరకని చోట మిషను దిగింది, మిషను వెళ్లిన వెనకే గడ్డి సమస్యా వచ్చింది.

ఇప్పుడు పరిమాణం సంగతి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024 వానాకాలంలో తెలంగాణలో 66 లక్షల పైచిలుకు ఎకరాల్లో వరి వేశారు, దిగుబడి 150 లక్షల టన్నులు దాటింది. గింజ ఎంత పండితే గడ్డి కనీసం అంత వస్తుంది. ఒక్క రాష్ట్రంలో, ఒక్క కారులో కోటిన్నర టన్నుల గడ్డి. దాని వెనకే యాసంగి. దేశం మొత్తం మీద ఏటా 50 కోట్ల టన్నుల పంట వ్యర్థాలు వస్తాయనీ, అందులో 9 కోట్ల టన్నులకు పైగా తగలబడుతున్నాయనీ 2014లో కేంద్ర ప్రభుత్వం పంట వ్యర్థాల మీద జాతీయ విధానం తెచ్చినప్పుడు అంచనా వేశారు.

మంట అనగానే అందరికీ పంజాబే గుర్తొస్తుంది. అక్కడి రైతు ఇబ్బంది రోజుల్లో ఉంది. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని 2009లో ఒక చట్టం చేసి, జూన్ 10కి ముందు వరి నాటకూడదన్నారు. ఉద్దేశం మంచిదే. కాని నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరిగి అక్టోబరు చివరికి చేరింది. గోధుమ నవంబరు మధ్యకల్లా పడాలి. మధ్యలో మిగిలింది పదిహేను, ఇరవై రోజులు. నీటిని కాపాడే చట్టం గాలికి చేటు తెచ్చింది. లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల సహకారంతో రూపొందిన హ్యాపీ సీడర్ ఆ ఇరుకులో అక్కరకొచ్చేదే. ముందున్న గడ్డిని కోసి పక్కకు ఎత్తుతూ, కొయ్యకాళ్ల మధ్యే గోధుమ విత్తి, ఆ గడ్డినే మళ్లీ పైన దుప్పటిలా పరిచే మిషను అది. హార్వెస్టర్ వెనక బిగించి గడ్డిని ముక్కలు చేసి చేనంతా సమంగా చల్లే పరికరం ఉంటేనే అది బాగా నడుస్తుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఉపగ్రహ లెక్కల్లో పంజాబ్ వరి మంటలు 2020లో 83,002 ఉంటే 2024లో 10,909కి వచ్చాయి. ఉపగ్రహం దాటిపోయాక అంటిస్తున్నారని కొందరు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు కాబట్టి ఆ తగ్గుదలను ఉన్నదున్నట్టు తీసుకోలేం. అయినా లక్షకు పైగా మిషన్లు పొలాల్లోకి దిగాక పరిస్థితి ఎంతోకొంత మారిందన్నది కాదనలేని మాట.

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పాలి. ఆ మిషన్ల మీద రైతుకు సగం, రైతు సంఘాలకు 80 శాతం రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం 2018లో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకే మొదలైంది. రాజధానికి చేరే పొగకు దొరికిన శ్రద్ధ నల్లగొండ పొగకు దొరకలేదు. తెలంగాణ యాసంగి మంటలు ఎండాకాలంలో వస్తాయి. ఆ వేడికి పొగ పైకి లేచి చెదిరిపోతుంది, చలికాలపు ఢిల్లీలో లాగా ఊరి మీద కమ్ముకుని కూర్చోదు. అందుకే పెద్దగా కనపడదు. కాని వడగాలికి మంట గట్టు దాటుతుంది. పక్కవాడి గడ్డివాము, బోరు దగ్గరి పైపులు, వైర్లు పోతాయి. గట్ల మీది తాటిచెట్లు మొదలు నుంచి మాడిపోతాయి. పొలం ఒకరిది, తాడి ఎక్కి బతికే గీత కార్మికుడు ఇంకొకరు. మంటను ఆపబోయి దాని మధ్యలో చిక్కుకుని చనిపోయిన రైతుల వార్తలూ ఎండాకాలంలో చదువుతూనే ఉన్నాం.

కాలిన గడ్డితో పోయేదేమిటి? గడ్డిలోని నత్రజని నూటికి 80, 90 పాళ్లు గాలిలో కలుస్తుంది. గంధకం సగం పోతుంది. భాస్వరం పావు వంతు, పొటాష్ అయిదో వంతు పోతాయి. సేంద్రియ కర్బనం మిగిలేది దాదాపు సున్నా. పొటాష్ అంకె దగ్గర కాసేపు ఆగాలి. టన్ను వరిగడ్డిలో 20 నుంచి 25 కిలోల పొటాష్ ఉంటుంది. తగలబెడితే అందులో ఎక్కువ భాగం బూడిదగా పొలంలోనే ఉంటుంది. గడ్డి కట్టలు కట్టి ఫ్యాక్టరీకి అమ్మితే మొత్తం పోతుంది. మంటకు ప్రత్యామ్నాయం అనుకున్నది ఆ ఒక్క విషయంలో మంటకన్నా నేలను ఎక్కువ ఖాళీ చేస్తుంది. ఆ పొటాష్‌ను ఎరువుల దుకాణంలో కొనాలంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ముప్పై అయిదు, నలభై కిలోలు కావాలి. మన దేశం ఆ ఎరువును దాదాపు మొత్తం విదేశాల నుంచే తెచ్చుకుంటోంది. కాబట్టి గడ్డి ధర మాట్లాడేటప్పుడు ఎత్తుడు కూలీ, కట్టుడు కిరాయి ఒక్కటే కాదు, కట్టతో పాటు గడప దాటే పొటాష్‌కూ ధర కట్టాలి. ఇప్పుడు ఏ కొనుగోలుదారూ కట్టడం లేదు.

ఈ కారణం చేత గడ్డి మీద మొదటి హక్కు పొలానిది. తర్వాత పశువుది. ఆ తర్వాతే ఊళ్లో చేసే చిన్న పనులు, చివరికి ఫ్యాక్టరీ. ఇవాళ సభల్లో, ప్రకటనల్లో ఈ వరస తలకిందులుగా వినిపిస్తోంది. ముందు ఇథనాల్, గ్యాస్, కరెంటు అంటారు, నేల మాట చివర్లో వస్తుంది.

పొలంలోనే కలిపేయమని చెప్పడం తేలికే, చేయడంలో చిక్కులున్నాయి. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. నేలలోకి వెళ్లగానే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త నత్రజనిని తామే లాక్కుంటాయి. అప్పుడే నాటిన వరి పచ్చబడుతుంది, అంటే పసుపు పారుతుంది. నీరు నిలిచిన దమ్ములో పచ్చి గడ్డి మురిగితే వేళ్లకు హాని చేసే ఆమ్లాలు, మీథేన్ వస్తాయి. ఈ బెడద చూసిన రైతు మరుసటి ఏడు మళ్లీ అగ్గిపెట్టె తీస్తాడు. అందుకే ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, కొయ్యకాళ్లను కలియదున్ని, నీరు పెట్టి కొన్నాళ్లు మురగనిచ్చి ఆ తర్వాత నాటమని వ్యవసాయ అధికారులు చెబుతారు. యాసంగి కోతకూ వానాకాలం నాటుకూ మధ్య రెండు నెలలు దొరుకుతాయి కాబట్టి అప్పుడిది వీలవుతుంది. వానాకాలం కోత నుంచి యాసంగి నారు పోసే దాకా ఉన్న వ్యవధిలో కష్టం. ఏ కారుకు ఏ సలహా పనికొస్తుందో చూడకుండా రెండింటికీ ఒకే కరపత్రం పంచితే రైతు దాన్ని చదివి పక్కన పెడతాడు.

గడ్డిని కలపకుండా పైన కప్పే దారి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో ఇది కీలకం. ఎండాకాలంలోనే, వాన రాకముందే, మట్టీ బూడిదా పట్టించి గుళికలుగా చేసిన రకరకాల విత్తనాలను చల్లి, మీద గడ్డి పరుస్తారు. పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు, కూరగాయలు, నూనెగింజలు అన్నీ కలిపి చల్లే ఈ పద్ధతిని నవధాన్య సాగు అని పిలుచుకుంటున్నారు. గడ్డి కింద నేల మాడదు. దొరికిన కొద్ది తేమ, పడిన ఒకటి రెండు జల్లులు చాలు, మొలక లేస్తుంది. యాసంగి గడ్డి తగలబడే ఏప్రిల్, మే నెలల్లోనే ఈ కప్పుకు గడ్డి కావాలి. ఇంత చక్కగా కాలం కలిసొచ్చే ఉపయోగం ఇంకొకటి లేదు. 2024 గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి వచ్చింది. దాన్ని పంచుకున్నవారిలో రతన్ లాల్ ఉన్నారు. అవిభక్త పంజాబ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ మృత్తికా శాస్త్రవేత్త, నేలలో కర్బనం నిలవాలంటే పంట వ్యర్థాలను నేలకే వదలాలని దశాబ్దాలుగా పరిశోధనలతో చూపిస్తూ వచ్చారు.

పశువుల సంగతికి వస్తే, అనంతపురంలో పశువుకు ఆధారం వేరుశనగ కట్టె. వర్షం లేక వేరుశనగ పోయిన ఏళ్లలో అక్కడికి డెల్టా వరిగడ్డి లారీల మీద వెళ్లింది. ఒకచోట తగలబడే సరుకుకే ఇంకోచోట పశువులు అమ్ముకునేంత కరువు ఉండటం కన్నా బాధాకరమైన విషయం ఈ అంశంలో మరొకటి లేదు. వరిగడ్డి గొప్ప మేత కాదు, మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా తొక్కి, మూడు వారాలు కప్పి ఉంచితే ఆ పాళ్లు దాదాపు రెట్టింపవుతాయి, మెత్తబడి తేలిగ్గా అరుగుతుంది. పశువైద్య శాఖలు దీన్ని చాలా కాలంగా నేర్పుతున్నా ఎక్కువమంది పట్టించుకోలేదు. యూరియా నీళ్లు తాగి పశువు చచ్చిపోవడం చూసిన ఊళ్లలో ఆ భయం సహజం. పైగా చాకిరీ. ఒక్కో ఇంట్లో కాకుండా పాల సంఘం స్థాయిలో, తెలిసినవాళ్ల చేతి మీదుగా చేసి అమ్మితే భయం తీరుతుంది, చాకిరీ తప్పుతుంది.

పుట్టగొడుగుల పెంపకం ఆడవాళ్ల సంఘాల్లో బాగా నిలదొక్కుకున్న పని. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు గడ్డిని రెండంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, గంటసేపు వేడినీళ్లలో ఉంచి, నీడలో ఆరబెడతారు. ఎంత ఆరాలో కొలవడానికి యంత్రం అక్కర్లేదు. పిడికిట పట్టి పిండితే చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం చెమ్మగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో ఒక వరస గడ్డి, అంచు వెంట కాస్త విత్తనం, మళ్లీ గడ్డి. చీకటి గదిలో రెండు మూడు వారాలకు సంచి లోపలంతా తెల్లటి బూజు పాకుతుంది. సంచి కోసి, నీళ్లు చిలకరిస్తుంటే గుత్తులు వస్తాయి. కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి కిలో దాకా పుట్టగొడుగులు రావచ్చు. మిగిలిన గడ్డి వానపాముల ఎరువుకు పనికొస్తుంది. వేసవిలో ఇలాంటి గడ్డి మీదే పాల పుట్టగొడుగులు పెంచుతారు. అయితే కోసిన సరుకు ఒకటి రెండు రోజులకు మించి ఆగదు, పట్టణం దగ్గర్లో ఉండాలి. రోజుకు పది కిలోల గడ్డి వాడే యూనిట్ ఏడాదంతా నడిచినా ఖర్చయ్యేది రెండెకరాల గడ్డే. ఇల్లు నడవడానికి ఇది మంచి ఆదాయం. జిల్లా మంటలు ఆర్పుతుందని ఆశించకూడదు.

పత్తి కట్టె దగ్గర పరిస్థితి వేరు. తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాలకు పైనే, ఎకరాకు టన్ను దాకా కట్టె. దీన్ని పొలంలో అలాగే వదలకూడదు, గట్టు మీద కుప్ప వేసి ఉంచకూడదు కూడా. మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంటకు సిద్ధంగా ఉంటుంది. రైతు కట్టె పీకి తగలబెట్టడం వెనక ఈ భయమూ ఉంది, అది సబబైన భయం. ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డర్ కట్టెను, కాయను కలిపి నుగ్గు చేస్తుంది, పురుగు చస్తుంది, నుగ్గు నేలలో కలుస్తుంది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ పత్తి కట్టెతో పార్టికల్ బోర్డులు, ఇంధన కట్టెలు చేయవచ్చని చూపింది. గుణంలో అది గట్టి కలపకు దగ్గర.

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రిడా, పత్తి, కంది, మొక్కజొన్న కట్టెలను బయోచార్‌గా మార్చడానికి పెద్ద ఖర్చు లేని పద్ధతి తయారు చేసింది. 200 లీటర్ల పాత నూనె డ్రమ్ము, దాని అడుగున రంధ్రాలు. కట్టె నింపి అంటిస్తారు. మొదట దట్టంగా వచ్చిన పొగ పలచబడి నీలం రంగుకు తిరిగే వేళకు మూత పెట్టి, అంచుల్లో బంకమట్టి మెత్తి, డ్రమ్మును చదును నేల మీదికి జరిపి కింద గాలి కూడా అందకుండా చేస్తారు. ఆ క్షణం దాటితే బూడిదే మిగులుతుంది, ముందే మూస్తే సగం పచ్చికట్టె మిగులుతుంది. చల్లారాక తీసిన బొగ్గు నేలలో ఏళ్ల తరబడి కరగకుండా ఉండి నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. చెలక నేలల్లో, ఆమ్ల గుణం ఉన్న ఎర్రనేలల్లో దీనితో మేలు ఎక్కువ. నల్లరేగడికి ఇప్పటికే క్షార గుణం ఉంది, బొగ్గుకూ అదే గుణం, కాబట్టి అక్కడ అంత మేలు ఆశించలేం. బయోచార్‌ను అన్ని నేలలకూ సంజీవనిగా అమ్మజూపేవారితో రైతు జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఫ్యాక్టరీలు. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, సర్కారు తుమ్మ, పంట కట్టెలతో కరెంటు తీసే ప్లాంట్లు చాలా వచ్చాయి, ఎక్కువ భాగం 6 మెగావాట్లవి. ఊక చవగ్గా దొరుకుతుందన్న లెక్క మీద కట్టినవి. అవన్నీ కొనడం మొదలెట్టేసరికి ఊక ధర పెరిగింది, కరెంటు ధర అంత పెరగలేదు. చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. గడ్డి విషయంలోనూ అదే పొరపాటు జరిగే వీలుంది. రైతుకు ఏమీ దక్కని ధర మీద కాగితాల్లో లాభం చూపే ప్రాజెక్టు నిలవదు, నిలవాలని కోరుకోవడం కూడా సరికాదు. వరిగడ్డిలోని పొటాష్, సిలికా బాయిలర్‌లో కరిగి గట్టిపడి గొట్టాలకు పట్టుకుంటాయన్నది మరో ఇబ్బంది. పానిపట్‌లో 900 కోట్లకు పైగా పెట్టి ఇండియన్ ఆయిల్ కట్టిన ఇథనాల్ ప్లాంటు 2022 ఆగస్టు 10న మొదలైంది. ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ దాని లక్ష్యం. ఆ గడ్డి అంతా నెల రోజుల కోతల్లో సేకరించి, ఏడాది పొడవునా వానకు తడవకుండా, నిప్పు అంటకుండా దాచాలి. ప్లాంటు కన్నా ఆ దాచే యార్డులే కష్టమైన పని.

ఫ్యాక్టరీల్లో ఒకటి ఎంచుకోవాలంటే గ్యాస్ ప్లాంటు మేలు. పంజాబ్ సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో ఒక జర్మన్ కంపెనీ 2022లో మొదలుపెట్టిన ప్లాంటు రోజుకు 33 టన్నుల గ్యాస్ సామర్థ్యంతో గడ్డి మీదే నడుస్తుంది. గ్యాస్‌లోకి పోయేది కర్బనం, ఉదజని. పొటాష్, భాస్వరం, నత్రజనిలో చాలా భాగం మిగిలిన మడ్డిలోనే ఉంటాయి. ఆ మడ్డి తిరిగి అదే రైతు పొలానికి వెళ్లాలన్న షరతు ఒప్పందంలో రాసుకుంటే గడ్డి అమ్మినా నేల పూర్తిగా ఖాళీ కాదు. ఐఐటీ హైదరాబాద్‌లో 2021లో పంట వ్యర్థాలు, సున్నం కలిపి చేసిన ఇటుకలతో ఒక కాపలాదారు గది కట్టారు. తేలికైన ఇటుక, వేడి ఆపుతుంది. ఇంకా ప్రయోగమే అయినా పత్తి కట్టెకు ఇది దారి కావచ్చు.

ఇవన్నీ నిలబడాలంటే హార్వెస్టర్ కిరాయి మాట్లాడుకునే రోజే గడ్డి మాట కూడా తేలాలి. ఎంత కిందికి కోయాలి, గడ్డి చల్లే పరికరం బిగిస్తారా లేదా, బిగిస్తే అదనంగా అయ్యే డీజిలు ఎవరిది? ఇప్పుడు ఆ అదనపు ఖర్చు ఎవరి ఖాతాలోనూ లేదు కాబట్టి మిషను యజమాని బిగించడు. ప్రభుత్వం ఇచ్చే రాయితీ మిషను కొనడానికి మాత్రమే కాకుండా, కోసిన ఎకరాకు ఇంత అని ఆ పనికి ఇస్తే బిగిస్తాడు. గడ్డిని నొక్కి కట్టలు కట్టే బేలర్లు రైతు ఉత్పత్తిదారుల సంఘాల చేతిలో ఉంటే కట్ట ధర సంఘమే నిర్ణయించగలదు. ఒక్కో రైతు విడిగా బేరమాడితే దళారి చెప్పిందే ధర. పొటాష్‌ను కలుపుకుని కనీస ధర ఇంత అని ఒక సీజన్‌కు ముందే ప్రకటిస్తే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ దాని చుట్టూ సర్దుకుంటారు.

పనికి తేదీలు కూడా ఉన్నాయి. యాసంగి కోతలు ఏప్రిల్‌లో ఊపందుకుంటాయి. పాల సంఘాలు, మేత తక్కువున్న రాయలసీమ, పాలమూరు మండలాలు తమకు ఎంత గడ్డి కావాలో ఫిబ్రవరిలో చెప్పాలి. ప్రకృతి వ్యవసాయ రైతులు కప్పుకు కావలసిన గడ్డి లెక్క అప్పుడే ఇవ్వాలి. బేలర్లు మార్చి చివరికల్లా మండలానికి చేరాలి. కట్టలు పెట్టడానికి ప్రతి మండలంలో కాస్త మెరక స్థలం, పైన టార్పాలిన్, పక్కన నీళ్ల ట్యాంకు సిద్ధంగా ఉండాలి. మార్కెట్ కమిటీలు ఏటా ధాన్యం కొనుగోలు కేంద్రాలకు ఈ ఏర్పాట్లన్నీ చేస్తూనే ఉన్నాయి. అదే కేంద్రం పక్కన గడ్డికీ ఒక కాంటా పెట్టడం వాటికి తెలియని పనేమీ కాదు.